102వ ఏట వైవా

(మెడికల్ కాలేజీలో హౌస్ సర్జన్లు, పీజీ విద్యార్థుల ముందు ఒక రిటైర్డ్ పిల్లల డాక్టరు చేసిన ప్రసంగం. రికార్డింగ్ విని రాసిన పాఠం.)

వెనక వరసల వాళ్ళకి వినపడుతోందా? సరే. ముందు వరసలు ఖాళీగా వదిలేసి వెనక సర్దుకుని కూర్చోవడం మా బ్యాచ్ రోజుల నుంచీ ఉన్నదే. ఆ ఒక్క సంప్రదాయాన్ని మాత్రం మీరు చక్కగా కాపాడుతున్నారు.

వైవా అంటే, ఆ నోటిపరీక్ష అంటే, టెన్షన్ లేనివాళ్ళు ఒకసారి చెయ్యెత్తండి. ఒక్క చెయ్యి. బాబూ, నువ్వు అబద్ధం చెప్తున్నావు. (నవ్వులు) నేను పరీక్ష రాసిన రోజుల్లోనూ భయపడ్డాను, ఎగ్జామినర్‌గా కూర్చున్న రోజుల్లోనూ కొంచెం భయపడ్డాను. ఎదుటి పిల్ల నాకు తెలియనిది చెప్తే ఏం చెయ్యాలి అని.

ఇవాళ ఒక వైవా గురించి చెప్తాను. 2015 మే 13న జరిగింది. బెర్లిన్‌లో పాంకో అనే పేట, అక్కడ ఒక ఇంటి ముందుగది. హాంబర్గ్ విశ్వవిద్యాలయం నుంచి ముగ్గురు ప్రొఫెసర్లు వచ్చి కూర్చున్నారు. వాళ్ళలో ఒకాయన వైద్య విభాగం డీన్, ఊవె కోఖ్-గ్రోముస్. ఎదురుగా కూర్చున్న అభ్యర్థిని వయసు 102. థీసిస్ ఆవిడ రాసింది 1938లో. 45 నిమిషాలు ప్రశ్నలు అడిగారు. కాఫీ తాగి, యోగక్షేమాలు కనుక్కుని, పట్టా చేతిలో పెట్టి లేచిపోలేదు. అప్పుడు నువ్వేం రాశావు, ఆ తర్వాత ఈ జబ్బు గురించి లోకానికి ఏం తెలిసింది అని ఒక్కొక్కటే అడిగారు.

ఆవిడ పేరు ఇంగెబోర్గ్ రాపోపోర్ట్. పుట్టింటి పేరు జుల్మ్. థీసిస్ విషయం డిఫ్తీరియా, మన కంఠసర్పి.

మీలో కంఠసర్పి కేసు కళ్ళారా చూసినవాళ్ళు ఎంతమంది? ఇద్దరు ముగ్గురు ఉన్నారే. నల్లకుంట ఫీవర్ హాస్పిటల్‌లో పోస్టింగ్ పడి ఉంటుంది మీకు. హైదరాబాదు జనానికి అది ఇప్పటికీ కోరంటి దవాఖానే. నేనూ మొదట అక్కడే చూశాను. నాలుగేళ్ళ పిల్ల. మెడ ఎద్దు మెడలా వాచిపోయి, నోరు తెరిస్తే గొంతులో బూడిదరంగు పొర. ఆ పొరని గీకకూడదు, నెత్తురు వస్తుంది అని పుస్తకంలో చదివాను. చూశాక గీకాలని కాదు కదా, ముట్టుకోవాలని కూడా అనిపించలేదు. ఆ పిల్ల గొంతు బాగుపడింది. మూడో వారంలో తల్లి వచ్చి, "మేడమ్, నీళ్ళు తాగిస్తే ముక్కులోంచి వస్తున్నయ్" అంది. అంగిలి చచ్చుబడింది. ఈ జబ్బులో క్రిమి గొంతులోనే కూర్చుంటుంది, దాని విషం మాత్రం గుండె దాకా, నరాల దాకా వెళ్తుంది. గొంతు తగ్గింది కదా అని ఇంటికి పంపించేస్తే, తర్వాత ఒకరోజు గుండె ఆగి పోయే పిల్లలు ఉంటారు. పెంటావాలెంట్, అంటే అయిదు జబ్బులకి ఒకటే టీకా, దాని పుణ్యమా అని మీరు ఇన్ని కేసులు చూడక్కర్లేదు. టీకా మానేసిన చోట మళ్ళీ వస్తూనే ఉంది.

1930ల్లో యూరప్‌లో చిన్నపిల్లల్ని బాగా పొట్టన పెట్టుకున్న జబ్బుల్లో ఇదొకటి. అందుకే హాంబర్గ్‌లో ఒక పాతికేళ్ళ పిల్ల థీసిస్‌కి దీన్ని తీసుకుంది.

ఇక్కడ మీకో సంగతి చెప్పాలి. మన దగ్గర ఎంబీబీఎస్ ముగిస్తే పేరు ముందు డాక్టర్ వచ్చి కూర్చుంటుంది. జర్మనీలో అట్లా కాదు. ప్రభుత్వ పరీక్ష పాసైతే వైద్యం చెయ్యడానికి అర్హత వస్తుంది గానీ, డాక్టర్ అనే బిరుదు రావాలంటే విడిగా థీసిస్ రాయాలి, దాని మీద మౌఖిక పరీక్షకి కూర్చోవాలి. ఇంగెబోర్గ్ ప్రభుత్వ పరీక్ష 1937లో పాసైంది. థీసిస్ రాసింది. ప్రొఫెసర్‌కి ఇచ్చింది. ఆయన చదివాడు, బాగుందన్నాడు. మిగిలింది వైవా ఒక్కటే. దానికి కూర్చోనివ్వలేదు.

ఎందుకంటే, వాళ్ళమ్మ యూదు.

ఆవిడ కథ ఆఫ్రికాలో మొదలవుతుంది. 1912లో కామెరూన్‌లోని క్రిబీ అనే ఊళ్ళో పుట్టింది, అప్పుడది జర్మన్ వలస. తండ్రి వర్తకుడు, ప్రొటెస్టెంటు. తల్లి మారియా పియానో వాయించేది, యూదు కుటుంబంలో పుట్టిన మనిషి. పిల్ల చిన్నగా ఉన్నప్పుడే హాంబర్గ్ వచ్చేశారు. ఇంగెబోర్గ్ ప్రొటెస్టెంటుగానే పెరిగింది. యూదు గుడికి వెళ్ళి ప్రార్థన చేసిన పిల్ల కాదు. యూదురాలు అని ఆవిడ తనని తాను అనుకోవడానికి ముందే చట్టం అనేసింది. సగం యూదు, మొదటి తరగతి సంకరం అని వాళ్ళ లెక్క. మనుషులకి ఫస్ట్ క్లాసు, సెకండ్ క్లాసు సంకరం! నలుగురు తాతామామ్మల్లో ఎంతమంది యూదులు అని పుట్టుక కాగితాలు తిరగేసి తేల్చేవాళ్ళు. 1935 న్యూరెంబర్గ్ చట్టాల తర్వాత జర్మనీలో గుమాస్తాల ముఖ్యమైన పని ఇదే అయింది.

హాంబర్గ్ విశ్వవిద్యాలయం సంగతి కూడా వినాలి. 1919లో పెట్టారు దాన్ని, కొత్తది. అది రావాలని పట్టుబట్టినవాళ్ళలో మనస్తత్వశాస్త్రవేత్త విలియమ్ స్టెర్న్ ఒకడు, యూదు. 1929లో దానికి రెక్టర్ అయిన తత్వవేత్త ఎర్నెస్ట్ కాసిరర్ యూదు. ఒట్టో స్టెర్న్ అక్కడే భౌతికశాస్త్రం చెప్పేవాడు, తర్వాత 1943లో నోబెల్ వచ్చింది. ఆయనా యూదే. 1933లో వీళ్ళందరూ అక్కణ్ణుంచి వెళ్ళిపోవాల్సి వచ్చింది. ఆ ఏడాది ఏప్రిల్ 7న ప్రభుత్వోద్యోగాల చట్టం వచ్చింది. దాని పేరు 'వృత్తిపరమైన ప్రభుత్వ సేవల పునరుద్ధరణ చట్టం'. చేసే పని యూదుల్ని, గిట్టనివాళ్ళని ఉద్యోగాల్లోంచి తీసెయ్యడం. ఏప్రిల్ 25న ఇంకొకటి. దాని పేరు 'జర్మన్ పాఠశాలల్లో, విశ్వవిద్యాలయాల్లో రద్దీ నివారణ చట్టం'. వినడానికి ఎంత బాగుందో చూడండి. క్లాసురూముల్లో పిల్లలు ఎక్కువైపోయారు, కాస్త గాలి ఆడాలి అన్నట్టుంది. లోపల ఉన్నది ఏమిటంటే కొత్తగా చేర్చుకునేవాళ్ళలో యూదులు నూటికి ఒకటిన్నర మందికి మించకూడదు. జీవోలకి ముద్దుపేర్లు పెట్టడం మనకీ తెలియని విద్య కాదు కాబట్టి మీకు ఇది తేలిగ్గానే అర్థమవుతుంది.

ఆ చట్టంలోనే ఒక మినహాయింపు ఉంది. అప్పటికే పెళ్ళయిన జంటలో ఒకరు 'ఆర్యులు', అంటే నాజీల లెక్కలో యూదులు కాని జర్మన్లు, అయితే వాళ్ళ పిల్లలు ఆ లెక్కలోకి రారు. అంటే ఇంగెబోర్గ్‌ని మొదట చట్టమే వదిలేసింది. క్లాసులకి వెళ్ళింది, శవాలు కోసింది, వార్డుల్లో తిరిగింది, పరీక్షలు రాసింది. నాజీలు వచ్చాక నాలుగేళ్ళ పాటు ఆవిడ చదువు సాగింది. ఈ భాగం గురించి నేను చాలాసార్లు ఆలోచించాను. తలుపు ధడాలున వేసేస్తే మనిషి ఇంకో దారి వెతుక్కుంటుంది. కొంచెం తెరిచి ఉంచితే? ఇంకో ఆరు నెలలు, ఇంకో పరీక్ష, ఇది గట్టెక్కితే చాలు అని అక్కడే ఉంటుంది. చాలామంది అట్లాగే ఉండిపోయారు. పరీక్ష దరఖాస్తుల మీద పసుపు గీత గీసేవాళ్ళు, ఈ పిల్ల వేరు అని తెలియడానికి. యూదుల బట్టల మీద పసుపు నక్షత్రం కుట్టించకముందు కాగితం మీద పసుపు గీత వచ్చింది.

మీ వయసువాళ్ళ గురించి కూడా చెప్పకపోతే తప్పవుతుంది. ఇదంతా పైనుంచి హిట్లర్ ఒక్కడే చేశాడనుకుంటాం. జర్మనీ విద్యార్థి సంఘాల సమాఖ్య నాయకత్వం 1931లోనే నాజీ విద్యార్థుల చేతికి వచ్చేసింది. హిట్లర్ గద్దె ఎక్కడానికి ఏడాదిన్నర ముందు. ప్రొఫెసర్ల క్లాసులకి అడ్డం నిలబడింది, పుస్తకాలు కుప్పపోసి తగలబెట్టింది కూడా విద్యార్థులే. లైబ్రరీలో పక్క కుర్చీలో కూర్చున్నవాళ్ళే.

సరే, థీసిస్ తీసుకున్న ప్రొఫెసర్ దగ్గరికి వద్దాం. రుడోల్ఫ్ డెగ్‌విట్స్. పిల్లల వైద్యుడు. ఈ మనిషిని ఏ డబ్బాలో వెయ్యాలో నాకు ఇప్పటికీ తెలియదు. 1923లో మ్యూనిక్‌లో హిట్లర్ తిరుగుబాటు చేసి విఫలమయ్యాడు చూడండి, దాంట్లో ఈయన ఉన్నాడు. అంత మొదటి నుంచీ పార్టీ మనిషి. అదే మనిషి 1938లో ఈ యూదు తల్లి బిడ్డకి ఒక కాగితం రాసిచ్చాడు. ఈమె వంశం వల్ల అమలులో ఉన్న చట్టాలు అడ్డు రాకపోయి ఉంటే ఈ థీసిస్‌ని నేను స్వీకరించి ఉండేవాడిని అని దాని సారాంశం. తర్వాత్తర్వాత ఆయనే వికలాంగులైన పిల్లల్ని ఆసుపత్రుల్లో చంపించడాన్ని వ్యతిరేకించాడు, పాలకుల్ని తిట్టాడు, 1944లో నాజీ కోర్టు ఆయనకి ఏడేళ్ళ జైలు వేసింది. నాకు ఆయన మీద గౌరవం ఉంది, కోపమూ ఉంది. ఆ కాగితంలో ఆయన నిజమే రాశాడు. అయితే ఆ నిజంతో ఆ పిల్లకి వైవా జరగలేదు. 'చట్టం ఒప్పుకోదమ్మా, నేనేం చెయ్యను' అనే మాటని ఇంతకన్నా మర్యాదగా ఎవరూ రాయలేరు. మళ్ళీ, ఆ కాగితమే లేకపోతే 77 ఏళ్ళ తర్వాత ఈ కథకి రుజువంటూ ఏముండేది?

చట్టానికి కంఠసర్పి తెలియదు. తెలిసి ఉంటే సిగ్గుపడేది. ఈ జబ్బు చరిత్ర చూడండి. 1884లో లోఫ్లర్ క్రిమిని పెంచి చూపించాడు. 1890లో బేరింగ్, జపాన్ నుంచి వచ్చిన కితసాటో కలిసి విషానికి విరుగుడు రక్తంలోనే తయారవుతుందని తేల్చారు. బేరింగ్‌కి 1901లో వైద్యంలో మొట్టమొదటి నోబెల్ దీనికే వచ్చింది. కానీ ఆ సీరం ఒక సీసాలో ఒకలా, ఇంకో సీసాలో ఇంకోలా పనిచేసేది. ఎంత ఇస్తే ఎంత పనిచేస్తుందో కొలిచే పద్ధతి కనిపెట్టింది పాల్ ఎర్లిక్. యూదు. ఇవాళ మీరు ఏడీఎస్, అదే కంఠసర్పి విరుగుడు సీరం, సీసా మీద చూసే యూనిట్ల లెక్కకి మూలం ఆయనే. ఏ పిల్లకి ఈ జబ్బు వచ్చే అవకాశముందో చర్మం మీద పరీక్షతో చెప్పింది బేలా షిక్. ఆయనా యూదే. నాజీలు ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఎర్లిక్ పేరున్న వీధి పేరు మార్చేశారు. ఆయన అప్పటికే పోయాడు, భార్య హెడ్విగ్ మాత్రం ముసలితనంలో దేశం వదిలి వెళ్ళాల్సి వచ్చింది. ఆ సీరమే ఎక్కించుకుని ఎంతమంది 'ఆర్య' పిల్లలు బతికారో, వాళ్ళలో ఎంతమంది పెద్దయి చొక్కాలకి స్వస్తిక తగిలించుకున్నారో.

1937-38లో ఇంగెబోర్గ్ హాంబర్గ్‌లోని యూదుల ఆసుపత్రిలో పనిచేసింది. 1938లో అమెరికా వెళ్ళిపోయింది, ఒంటరిగా, చేతిలో దాదాపు ఏమీ లేకుండా. ఆ సెప్టెంబరు చివర్లో జర్మనీలో యూదు డాక్టర్ల లైసెన్సులు రద్దయ్యాయి. నవంబరులో ప్రార్థనా మందిరాలు తగలబడ్డాయి. ఆ తర్వాత యూదు విద్యార్థులకి విశ్వవిద్యాలయం గడప తొక్కే హక్కే పోయింది. అంటే ఆవిడ బయటపడింది చివరి రైలు వెళ్ళిపోయే వేళకి. ఆ రైలు దొరకనివాళ్ళ థీసిస్‌లు ఏమయ్యాయో చెప్పడానికి మనుషులే మిగల్లేదు.

అమెరికాలో ఆవిడ చదువుకి విలువ లేదన్నారు. ఎండీ పట్టా లేదు కదా! మళ్ళీ మెడికల్ కాలేజీలో చేరాలి. 48 కాలేజీలకి దరఖాస్తు పెట్టింది. మీరు నీట్ కౌన్సెలింగ్‌లో వెబ్ ఆప్షన్లు పెట్టుకుంటేనే చేతులు నొప్పెడతాయి. ఆవిడ 48 పెడితే ఒక్క కాలేజీ రమ్మంది. ఫిలడెల్ఫియాలోని ఉమెన్స్ మెడికల్ కాలేజ్ ఆఫ్ పెన్సిల్వేనియా.

ఈ పేరు ఎక్కడో విన్నట్టు లేదూ? ఆనందీబాయి జోషి చదివిన కాలేజీ. మహారాష్ట్ర నుంచి సముద్రం దాటి వెళ్ళి 1886లో అక్కడ ఎండీ తీసుకుని వచ్చిన అమ్మాయి. ఆనందీబాయి థీసిస్ విషయం ఏమిటో తెలుసా? ఆర్య హిందువుల్లో ప్రసూతి పద్ధతులు. ఆ థీసిస్ పేరులో 'ఆర్య' అనే మాట ఉంది. ఎన్ని చేతులు మారి ఎక్కడికి పోయిందో చూడండి ఆ మాట. మన పద్యనాటకాల్లో సీత, సావిత్రి మొగుణ్ణి పిలిచే పిలుపు, 'ఆర్యపుత్రా' అని. 1886లో ఫిలడెల్ఫియాలో అది ఒక థీసిస్ పేరు. 1938లో హాంబర్గ్‌లో ఒక ఆడపిల్లని వైవా గదిలోకి రానివ్వకపోవడానికి కారణం. ఇంగెబోర్గ్ అదే ఫిలడెల్ఫియా కాలేజీలో 1940లో ఎండీ తీసుకుంది.

అమెరికా భాగం త్వరగా చెప్తాను. సిన్సినాటిలో పిల్లల ఆసుపత్రిలో పనిచేస్తూ సామ్యూల్ మీత్యా రాపోపోర్ట్‌ని పెళ్ళి చేసుకుంది, 1946లో. ఆయనా వియన్నా నుంచి వచ్చిన యూదు, జీవరసాయన శాస్త్రవేత్త. మీరు బ్లడ్ బ్యాంకులో ఏసీడీ ద్రావణం అని చదువుతారే, దాన్ని మెరుగుపరిచి నిల్వ రక్తాన్ని వారం నుంచి మూడు వారాల దాకా వాడుకునేలా చేసినవాడు. యుద్ధంలో ఎంతమంది సైనికులు దానివల్ల బతికారో! అధ్యక్షుడు ట్రూమన్ ప్రశంసాపత్రం ఇచ్చాడు. భార్యాభర్తలిద్దరూ కమ్యూనిస్టులు. ఆదివారాలు నల్లవాళ్ళ పేటల్లో పార్టీ పత్రిక అమ్మేవాళ్ళు. ప్రశంసాపత్రం ఇచ్చిన దేశమే, కమ్యూనిస్టుల్ని వేటాడిన మెకార్థీ కాలం వచ్చేసరికి, వీళ్ళ వెంటబడింది. 1950లో జ్యూరిక్‌లో పిల్లల వైద్యుల సభకి వెళ్ళినవాళ్ళు ఇక అమెరికాలో స్థిరంగా ఉండలేకపోయారు. వియన్నాలో చూశారు, అక్కడ ఉద్యోగం దొరకలేదు. 1952లో తూర్పు బెర్లిన్ చేరారు. నలుగురు పిల్లలు. రెండోసారి దేశం మారడం.

అక్కడ ఆవిడ షారిటే ఆసుపత్రిలో ఏం చేసిందో నాబోటి వాళ్ళకి ముఖ్యం. ప్రొఫెసర్ అయింది. 1969లో నవజాత శిశు వైద్యానికి ప్రత్యేకంగా ఒక పీఠం పెట్టి ఆవిడకి ఇచ్చారు, యూరప్‌లోనే అది మొదటిదని చెప్తారు. పుట్టిన బిడ్డ అంటే ప్రసూతి డాక్టరు చేతిలోంచి నర్సు చేతిలోకి వెళ్ళే మూట అనుకునే రోజులవి. నేను పీజీ చేసినప్పుడు కూడా మా దగ్గర ఎన్ఐసీయూ, అదే పసికందుల ఐసీయూ, అంటే రెండు వార్మర్లు, ఒక బల్బు. తూర్పు జర్మనీలో శిశుమరణాలు తగ్గించినందుకు ఆ దేశం ఆవిడకి జాతీయ పురస్కారం ఇచ్చింది.

ఇక్కడ ఒక మాట దాచకుండా చెప్తాను. ఆవిడ తూర్పు జర్మనీని చివరిదాకా సమర్థించింది. బెర్లిన్ గోడ కూలిపోయాక కూడా. పాస్టర్ల పిల్లలు అని, నాయకులకి నచ్చని మాట అన్నారని విద్యార్థుల చదువులు ఆపేసిన దేశం అది. తన చదువు ఆపేసిన చేతిని గుర్తుపట్టిన మనిషికి ఈ చెయ్యి ఎందుకు కనపడలేదో నాకు అర్థం కాదు. ఆవిడ వైపు నుంచి చూస్తే, రెండు దేశాలు తరిమేశాక మూడోది కూర్చోబెట్టి పిల్లల వార్డు చేతికిచ్చింది. అంతకన్నా ఎక్కువ నేను ఊహించలేను. మీకు ఆదర్శమూర్తిని పటం కట్టి ఇద్దామని నేను రాలేదు, కాబట్టి ఇది కూడా వినండి.

ఆవిడ 1973లో రిటైర్ అయింది. భర్త 2004లో పోయాడు. పెద్దకొడుకు టామ్ హార్వర్డ్‌లో ప్రొఫెసర్, ఇంకో కొడుకు మిఖాయెల్ పేరున్న గణితవేత్త. అమ్మ థీసిస్ సంగతి పెద్దకొడుకు ద్వారా ఆయన సహోద్యోగికి, అక్కణ్ణుంచి హాంబర్గ్ డీన్‌కి చేరింది.

మొదట్లో వైవా కోసం 77 ఏళ్ళు ఎదురుచూసింది అనే ధోరణిలో కథ మొదలుపెడితే మీకు బాగుండేది. కానీ ఆవిడ ఎదురుచూడలేదు. అమెరికా ఎండీ ఉంది, బెర్లిన్‌లో ప్రొఫెసర్ పదవి ఉంది, పురస్కారం ఉంది. హాంబర్గ్ పట్టా ఆవిడకి ఎందుకూ పనికిరాదు. అప్పు ఉన్నది హాంబర్గ్ విశ్వవిద్యాలయానికి. ఆ అప్పు ఎట్లా తీర్చాలి?

సులువైన దారి గౌరవ డాక్టరేట్. దాని సంగతి తెలుగువాళ్ళకి నేను చెప్పాలా? (నవ్వులు) ఎక్కడుందో, అసలు ఉందో లేదో తెలియని విశ్వవిద్యాలయం నుంచి శాలువా, టోపీ వస్తాయి. తెల్లారేసరికి ఊరంతా ఫ్లెక్సీల మీద పేరు ముందు డాక్టర్. మనలో పేషెంట్లు చూసి చూసి నడుం పడిపోయినవాళ్ళం ఆ ఫ్లెక్సీ కింద ఆటో కోసం నిలబడతాం. ఇంగెబోర్గ్ విషయంలో ఆ దారి తొక్కలేదు. ఎందుకు కాదో నాకు తోచింది చెప్తాను. 1938లో ఆవిడ దగ్గర లాక్కున్నది గౌరవం కాదు, బహుమతీ కాదు. 'నీకేం వచ్చో చెప్పు' అని అడిగించుకునే హక్కు. మార్కులు తక్కువ వచ్చే అవకాశం, ఫెయిలయ్యే అవకాశం కూడా దాంట్లో భాగమే. నువ్వు ఫలానా తల్లికి పుట్టావు కాబట్టి నిన్ను అడగం అన్నారు. దానికి విరుగుడు, అడగడమే.

అడిగితే చెప్పాలి కదా. ఆవిడకి అప్పటికి చూపు మందగించింది. చదవలేకపోయేది, కంప్యూటర్ చూడలేకపోయేది. స్నేహితులు ఇంటర్నెట్‌లో వెతికి, ఈ 77 ఏళ్ళలో కంఠసర్పి గురించి ఏమేం కొత్తగా తెలిసిందో ఫోనులో చదివి వినిపించారు. ఆవిడ విని గుర్తుపెట్టుకుంది. 1938లో విషం గుండెని ఏం చేస్తుందో తెలుసు గానీ, కణం లోపల ఎక్కడ దెబ్బ కొడుతుందో ఎవరికీ తెలియదు. అది ప్రొటీన్ల తయారీని ఆపేస్తుందని తర్వాత ఎన్నో ఏళ్ళకి తేలింది. ఆ విషం తయారుచేసే జన్యువు క్రిమికి సొంతం కాదనీ, క్రిమిలోకి దూరిన వైరస్‌దనీ 1950ల్లో తెలిసింది. మీరు మైక్రోబయాలజీలో రెండు వాక్యాల్లో బట్టీపట్టేసే సంగతులు. ఆవిడ థీసిస్ రాసిన నాటికి పెన్సిలిన్ కూడా మందుగా రాలేదు. 102 ఏళ్ళ మనిషి ఫోను చెవికి పెట్టుకుని వీటిని ఒక్కొక్కటీ నేర్చుకోవడం ఊహించుకోండి. పరీక్ష ముందు మీకు పట్టే వణుకు ఆవిడకీ పట్టిందట. ప్రొఫెసర్‌గా బతికిన మనిషి, ఎంతమందిని పరీక్ష చేసి ఉంటుందో, అయినా సరే.

పరీక్ష చేసి వచ్చిన డీన్, ఆవిడ తెలివీ, ఇప్పటి వైద్యం మీద ఆవిడకున్న పట్టూ చూసి ఆశ్చర్యపోయానని చెప్పాడు. వయసు చూసి అంటున్న మాట కాదని కూడా అన్నాడు.

2015 జూన్ 9న హాంబర్గ్‌లో ఎపెన్‌డార్ఫ్ యూనివర్సిటీ ఆసుపత్రిలో సభ పెట్టి పట్టా ఇచ్చారు. ఆవిడ స్వయంగా వెళ్ళింది. ఇది నా కోసం కాదు, ఆ రోజుల్లో బలైపోయినవాళ్ళ కోసం అనే అర్థం వచ్చేలా మాట్లాడింది. ఫొటోలు చూశాను. ముఖంలో సంతోషం ఉంది గానీ, ఇంట్లో పెళ్ళినాడు లేనివాళ్ళని తలుచుకునే పెద్దావిడ ముఖం అది. 2017 మార్చిలో పోయింది, 104 ఏళ్ళు.

నేను చెప్పదలుచుకున్నది ఇంతే. ప్రశ్నలుంటే అడగండి.

(ఒక విద్యార్థిని: మేడమ్, వైవాలో ఆవిడకి ఎంత గ్రేడు ఇచ్చారు?)

మంచి ప్రశ్న అడిగావమ్మా. నేను ఆ ముక్క ఎగరగొట్టేశాను చూడు. జర్మనీలో అన్నిటికన్నా పై గ్రేడుని సుమ్మా కుమ్ లౌడె అంటారు. ఆవిడకి అది రాలేదు. దాని తర్వాతది, మాగ్నా కుమ్ లౌడె ఇచ్చారు.

ఎందుకు నవ్వుతున్నారు? 102 ఏళ్ళ ఆవిడ, యూదురాలని ఆపేసిన మనిషి, టీవీలూ పేపర్లూ చూస్తున్నాయి. పై గ్రేడు ఇచ్చేస్తే ఎవరు కాదంటారు? అయినా రెండోదే ఇచ్చారు. నిజంగానే పరీక్ష చేశారన్నమాట.